తాతగారి వాచీకి కీ ఇచ్చే ముందు

ఏళ్లుగా పెట్టెలో పడున్న వాచీ చేతికి రాగానే ఎవరైనా కీ తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటారు. టిక్ టిక్ వినిపిస్తే బాగానే ఉందనుకుంటారు. దయచేసి అక్కడితో ఆపండి. లోపలి నూనె ఎండి జిగురై ఉంటుంది, అందులో దుమ్ము కలిసి గరుకు పొడిలా పనిచేస్తుంది. అలా నడిపిన కొద్దీ చక్రాల ఇరుసుల కొసలు అరిగిపోతాయి.

వెనక మూత తీసి ఓ చుక్క నూనె వేస్తే అది సర్వీసింగ్ కాదు. వాచీ మొత్తం విప్పాలి. ముందుగా క్రౌన్ (కీ ఇచ్చే పక్క బొడిపె) పట్టుకొని మెయిన్‌స్ప్రింగ్ (వాచీని నడిపే స్ప్రింగ్) బిగువును మెల్లగా వదలాలి. బిగువుండగా పాలెట్ ఫోర్క్ (చక్రాలను ఒక్కో పన్నుగా ఆపి వదిలే చిన్న భాగం) తీస్తే చక్రాలు గిర్రున తిరిగి పళ్లో ఇరుసులో దెబ్బతింటాయి. క్రౌన్ కాడ తీయడానికి, దాన్ని పట్టి ఉంచే మరను రెండు మూడు చుట్లు వదులు చేస్తే చాలు. పూర్తిగా విప్పితే కాడను పట్టే సెట్టింగ్ లీవర్ జారుతుంది, ఇక డయల్ ఊడదీయక తప్పదు. పాలెట్ ఫోర్క్‌ను ఆల్కహాల్‌లో నానబెట్టకండి. దాని రాళ్లను లక్కతో అతికిస్తారు, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది.

నూనె అన్నిచోట్లా ఒకటే కాదు. పాలెట్ ఫోర్క్‌కు తగులుతూ వేగంగా తిరిగే ఎస్కేప్ వీల్‌కు మోబియస్ 9010 లాంటి పల్చనిది, ఒత్తిడి ఎక్కువుండే సెంటర్ వీల్‌కు చిక్కనిది కావాలి. పాలెట్ ఫోర్క్ ఇరుసులకు అసలే వద్దు. ఎక్కువ వేసినా చేటే: నూనె పాకిపోయి, ఉండాల్సిన చోటు పొడిబారుతుంది.

తర్వాత పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా టైమ్‌గ్రాఫర్ (టిక్ టిక్ విని వాచీ నడకను కొలిచే పరికరం) మీద పెట్టండి. ఆంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, 270 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే పాత వాచీకి చాలా మంచి ఆరోగ్యం. ఆ కాలిబర్‌కు (లోపలి యంత్రం మోడల్‌కు) తగిన లిఫ్ట్ యాంగిల్ (ఫోర్క్ తాకి ఉన్నంతసేపు బ్యాలెన్స్ చక్రం తిరిగే కోణం) పరికరంలో ఇవ్వకపోతే మాత్రం ఆ అంకెను నమ్మలేం. వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే మొదట అయస్కాంతాన్ని అనుమానించండి. దానివల్ల హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని స్ప్రింగ్) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. డీమాగ్నటైజర్‌తో క్షణాల్లో సరిపోతుంది.

మెయిన్‌స్ప్రింగ్, గాస్కెట్ (తడి చొరకుండా ఉంచే వలయం) నిస్సంకోచంగా మార్చండి. డయల్ జోలికి మాత్రం పోకండి. తడి తగిలితే అక్షరాలే చెరిగిపోవచ్చు, మళ్లీ పెయింట్ వేయిస్తే అది తాతగారు చూసుకున్న డయల్ కాదు. 1960ల ముందు నాటి మెరిసే అంకెల్లో రేడియం ఉండవచ్చు. వెలుగు ఆరినా రేడియేషన్ ఆరదు, దాని అర్ధాయువు 1,600 ఏళ్లు. గీకకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

కేసుకు బఫింగ్ కూడా వద్దు. అంచుల పదును పోతుంది, చెక్కిన పేరు అరుగుతుంది. వెనక మూత లోపలివైపు భూతద్దంతో చూడండి. సన్నగా గీసిన అంకెలు, గుర్తులు కనబడితే అవి గతంలో సర్వీసింగ్ చేసినవాళ్లు పెట్టుకున్నవి. వాటిని తుడిచేయకుండా ఫోటో తీసి ఉంచండి.