పదో వంతు చూపు

‘లీగల్లీ బ్లైండ్’, అంటే చట్టం లెక్కలో గుడ్డి, అట. సాయంత్రం నుంచీ ఈ మాట నా బుర్ర తినేస్తోంది, అందుకే నిద్ర మానుకుని ఇక్కడ కూర్చున్నాను. పొద్దున ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసి పంపిన ఫైలు ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. నా అనువాదాలు దిద్దే ఆ రివ్యూయర్ మహానుభావుడి సంగతి మీకు ఇదివరకే చెప్పి ఉన్నాను, మళ్లీ మొదలుపెడితే తెల్లారిపోతుంది.

ఫైలు ఒక ఫ్రెంచి పెద్దావిడ కంటి రిపోర్టు. పేరూ ఊరూ చెప్పను, చెప్పకూడదు. ఆవిడ జబ్బును ఫ్రెంచివాళ్లు డీఎంఎల్ఏ అంటారు, ఇంగ్లీషులో ఏఎండీ. వయసు మీద పడ్డాక రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, పాడయ్యే జబ్బు. చూపు మధ్యలో మసక కమ్ముకుంటుంది, పక్కలు మాత్రం కనబడతాయి. గుమ్మం కనబడుతుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖం కనబడదు. కుడి కంటికి 1/10 చూపు ఉందని రాశారు. ఎడమ కంటికి మీటరు దూరంలో వేళ్లు లెక్కపెట్టగలదట, అంతే.

ఈ రిపోర్టుల్లో పొట్టి అక్షరాలే నన్ను చంపుతాయి. కుడి కన్ను ఫ్రెంచిలోనూ ఓడీయే, ఇంగ్లీషులోనూ ఓడీయే. ఎడమ కన్ను దగ్గర ఫ్రెంచి డాక్టరు ఓజీ అని రాస్తాడు, ఇంగ్లీషు డాక్టరు లాటిన్ పట్టుకుని ఓఎస్ అంటాడు. మన నల్లగొండ డాక్టర్లే నయం, ఆర్ఈ, ఎల్ఈ అని రాసి పారేస్తారు. చూపు కొలత ఇంకో గోల. ఫ్రాన్సులో పదికి ఎన్ని అని లెక్క. మోనోయే అనే కంటి డాక్టరు పెట్టిన బోర్డు అది, ఐదు మీటర్ల దూరం నుంచి చదివిస్తారు. కంటద్దాల పవరుకు డయాప్టర్ అనే కొలత 1872లో ప్రతిపాదించిందీ ఆయనే. ఆ బోర్డు అంచుల్లోని అక్షరాలను కింది నుంచి పైకి చదివితే ఆయన పేరే వస్తుంది, తెలుసా? కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లందరి చేతా తన పేరు చదివించుకున్నాడు!

సరే, 1/10 అంటే అమెరికాలో 20/200, మన దగ్గర 6/60. బాగున్న కన్ను అరవై మీటర్ల నుంచి చదివేదాన్ని ఈ కన్ను ఆరు మీటర్ల నుంచి చదువుతుంది. ఇక్కడిదాకా రివ్యూయర్‌కూ నాకూ పేచీ లేదు. రిపోర్టులో ఆవిడను ‘మల్‌వ్వయాఁ’, అంటే చూపు తగ్గిన మనిషి, అన్నారు, నేను లో విజన్ అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి లీగల్లీ బ్లైండ్ అని పెట్టాడు. చదివేది అమెరికాలో ఉన్న ఆవిడ పిల్లలూ వాళ్ల డాక్టరూ కాబట్టి వాళ్లకు ఇదే అర్థమవుతుందని పక్కన ఒక కామెంటు.

అమెరికా చట్టంలో గీత అక్కడే ఉంది, కాదనను. అద్దాలు పెట్టినా మంచి కంటికి 20/200 దాటకపోతే చట్టం లెక్కలో గుడ్డివాళ్లే. ఫ్రాన్సులో ఆ గీత 1/20. అంటే ఆవిడ తన ఇంట్లో కూర్చున్నంతసేపూ చూపు తగ్గిన మనిషి. పిల్లల దగ్గరికి విమానమెక్కి దిగితే గుడ్డి మనిషి. దారిలో కళ్లకేమీ కాలేదు, గీత జరిగిందంతే. మన దేశంలోనూ 2017 దాకా అంధత్వ నివారణ కార్యక్రమం వాళ్ల గీత 6/60 దగ్గరే ఉండేది, ఆ ఏడు 3/60కి దించారు. ఇన్ని గీతలుండగా ఏ గీత కింద నిలబెట్టాలో ఒక రివ్యూయర్ ఎలా తేలుస్తాడు? ఆవిడను పరీక్ష చేసిన డాక్టరే ఆ మాట అనలేదు కదా!

కీబోర్డు మీద నా కోపం చూసి అత్తమ్మ “ఎవల్ని కొడుతున్నవే అట్ల?” అంది. తను సర్కారు కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదటి విడతలో, 2018లో, వచ్చిన కళ్లద్దాలను దారం కట్టి మెళ్లో వేసుకునే తిరుగుతోంది ఇప్పటికీ. అన్నట్టు చిన్నదానికి ఈరోజు సైకిల్ వచ్చేసింది. కాలు కింద పెట్టకుండా గల్లీ చివరిదాకా పోయొచ్చింది. దాని గురించి రాద్దామనే అనుకున్నాను అసలు.

వేళ్లు లెక్కపెట్టడం అని టైపు చేస్తున్నప్పుడే చిన్నాయన గుర్తొచ్చాడు. హాలియా దగ్గర మా ఊళ్లో వడ్లు తూర్పారబడుతుంటే పొట్టు ఎగిరి కంట్లో పడింది. నలుచుకున్నాడు. ఎవరో ఏదో ఆకు పసరు పోశారు. కన్ను ఎర్రబడితే వేడి చేసిందన్నారు. నల్లగొండ తీసుకుపోయేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పుండు. గింజలు, ఆకులు, కట్టెలు గీసుకున్న కంట్లో ఫంగస్ చేరుతుందనీ, పసరు పోస్తే దానికి ఇంకా బలమనీ డాక్టరు చెప్పాడు. పుండు మానింది కానీ కంట్లో పువ్వు మిగిలిపోయింది.

తర్వాత పింఛను కోసం, వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు నేనే తోడు పోయాను. డాక్టరు మంచి కన్ను మూయించి, ముఖం ముందు వేళ్లు పెట్టి “ఎన్ని?” అన్నాడు. చిన్నాయన మెడ అటూ ఇటూ తిప్పి, “ఎలుతురు తెలుస్తున్నది సారూ, ఏళ్లు కనబడుతలెవ్వు” అన్నాడు. టార్చి వేసి చూశారు. తర్వాత పువ్వు పడ్డ కన్ను మూసి బోర్డు చదవమంటే, కింది వరస దాకా గడగడా చదివేశాడు. బడిలో పద్యం అప్పజెప్పినట్టు! ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే వైకల్యం 30 శాతం, పింఛనుకు 40 కావాలి. డాక్టరు ఓపికగానే చెప్పాడు, ఆయన చేతిలో ఏముంది?

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను, “ఆఖరి రెండు వరసలు కనబడుతలెవ్వంటే ఏమయ్యేది చిన్నాయనా?” అని.

“కనబడేదాన్ని కనబడుతలేదంటే ఉన్న కన్ను గూడ పోతదే బిడ్డా” అన్నాడు. అంతటితో ఆగాడా, కనగల్ దాటేదాకా రోడ్డు పక్క ప్రతి షాపు బోర్డూ పైకి చదువుతూనే ఉన్నాడు, నన్ను ఉడికించడానికే. ఎరువుల దుకాణం, మెడికల్ షాపు, సెల్ రిపేరు, ఏదీ వదల్లేదు.

ఇది రాస్తుంటేనే అనిపించింది, ఆ రివ్యూయర్ చేసింది అదే కదా. చిన్నాయన కోసం నేను ఏ సాయం కోరుకున్నానో దాన్ని ఆయన ఎవరో ముక్కూముఖం తెలియని పెద్దావిడకు ఒక్క మాటతో చేసిపెట్టాడు. ఆ మాట చూపిస్తే అక్కడ ఏ బిల్లులోనైనా ఆసరా దొరుకుతుందేమో, ఎవరికి నష్టం? నా ఊళ్లో మనిషికైతే గీత కాస్త జరగాలి, ఫ్రెంచి ఆవిడకైతే అక్షరం కదలకూడదా? ఈ పేరా రాసే ముందు ఆయనకు ఘాటుగా ఒక మెయిల్ రాసి పెట్టుకున్నాను. డిలీట్ చేశాను.

చేశాక మళ్లీ ఫైలు తెరిచి చూశాను. 20/200 అన్న అంకె అక్కడే ఉందిగా. అమెరికాలో కంటి డాక్టరు అది చూడగానే వాళ్ల గీతకు ఎటువైపు పడుతుందో ఆయనే చెప్పేస్తాడు, సర్టిఫికెట్ కావాలన్నా ఆయనే రాయాలి. మా ఇద్దరిలో ఎవరు రాసినా చెల్లదు. అంటే ఆ మాట పెట్టి ఆవిడకు ఒరగబెట్టేదేమీ లేదు. జాలి పడ్డంతసేపు పట్టలేదు, కోపం మళ్లీ వచ్చింది. ఇంకా ఉంది చూడండి. ఇంత చట్టం తెలిసిన మనిషి, రెండో పేజీ టేబుల్లో నేను ఓఎస్ అని రాసినచోట ఓడీ అని దిద్దాడు. వేళ్లు లెక్కపెట్టే కన్ను కాస్తా కుడి కన్నయి కూర్చుంది! ఇంజెక్షన్ ఏ కంటికి వెయ్యాలో ఆ టేబుల్ చూసే కదా అనుకుంటారు ఎవరైనా.

లో విజన్ మళ్లీ పెట్టాను. 1/10, పక్కనే 20/200 ఉంచాను. కుడి ఎడమలు సరిచేసి, ఎందుకో మర్యాదగానే రాసి పంపాను. పోయిన నెల బిల్లు ఇంకా పడలేదు, అదీ అదే మెయిల్లో అడిగేశాను.