కటింగ్ షాపులో లూయిస్ కథ

శనివారం. పొద్దున్నే మావాడిని అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో మేం ఎప్పుడూ వెళ్ళే కటింగ్ షాపుకి తీసుకెళ్ళాను. మా ముందు నలుగురున్నారు. వాడు స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ టీములో సెంటర్. అంటే ప్రతిసారీ వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందించి, వెంటనే ఎదుటివాణ్ణి అడ్డుకోవాలి. "నేను బక్కగా ఉన్నాను నాన్నా, తోసి పారేస్తారు" అని వారం నుంచి ఒకటే టెన్షన్.

అందుకే విలియం హెన్రీ లూయిస్ కథ ఎత్తుకున్నాను. 1868లో వర్జీనియాలో పుట్టాడు. అమ్మానాన్నలు ఒకప్పుడు బానిసలు. ఆమ్‌హర్స్ట్ కాలేజీ టీముకి కెప్టెన్ అయ్యాడు. 1892లో అక్కడ డిగ్రీ పూర్తిచేసి హార్వర్డ్ లా స్కూల్లో చేరాడు. ఆ రోజుల్లో లా విద్యార్థులు కూడా ఆడొచ్చు. బరువు దాదాపు 80 కిలోలే, ఆడింది మాత్రం సెంటర్‌గా. 1892, 1893 రెండేళ్ళూ ఆల్-అమెరికా జట్టుకి, అంటే ఆ ఏడాది దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ళ జాబితాకి, ఎంపికయ్యాడు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. మావాడు 80 కిలోలన్న మాట దగ్గరే ఆగిపోయి, రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు.

ఆ తర్వాతి సంగతి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. చెప్పేశాను. హార్వర్డ్‌లో చదువుకునే రోజుల్లో, ఇదే కేంబ్రిడ్జిలో, ఒక కటింగ్ షాపువాడు ఆయన రంగు చూసి పని చేయనన్నాడు. లూయిస్ ఊరుకోలేదు. శాసనసభ దాకా వెళ్ళి, ఇలాంటి వివక్షను అడ్డుకునే చట్టాన్ని ఇంకా గట్టి చేయించాడు. మావాడు ఎదురుగా ఉన్న కుర్చీల వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

మిగతాది కారులో చెప్పాను. లాయరయ్యాక చాలా ఏళ్ళు హార్వర్డ్ జట్టుకి కోచింగ్ ఇచ్చాడు. 1911లో ప్రెసిడెంట్ టాఫ్ట్ హయాంలో దేశానికి అసిస్టెంట్ అటార్నీ జనరల్ అయ్యాడు. అంతకుముందు ఏ నల్లజాతి మనిషినీ కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక శాఖలో అంత పెద్ద పదవిలో నియమించలేదు. అదే ఏడాది అమెరికా లాయర్ల సంఘం, అమెరికన్ బార్ అసోసియేషన్, ఆయన్ని సభ్యుడిగా చేర్చుకుంది. నల్లవాడని తెలిశాక తీసేయాలని చూసింది. రాజీనామా చెయ్యనని ఆయన భీష్మించుకున్నాడు. ఆయన పై అధికారి, అటార్నీ జనరల్ వికర్‌షామ్, ఆయన తరఫున సుమారు 4,700 మంది సభ్యులకీ ఉత్తరం రాశాడు. చివరికి 1912లో ఆయన సభ్యత్వం నిలిచింది. కానీ ఇకమీదట చేరేవాళ్ళు దరఖాస్తులో తమ జాతి రాయాలని షరతు పెట్టారు. లోపలున్నవాణ్ణి ఉంచి, వెనక వచ్చేవాళ్ళకి తలుపు మూశారన్నమాట. ఇది చెబుతుంటే నా గొంతు కొంచెం పట్టేసింది.

లూయిస్ 1949 జనవరి 1న బోస్టన్‌లో పోయాడు. మేటి ఆటగాళ్ళని గౌరవించే కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చింది 2009లో. అరవై ఏళ్ళ ఆలస్యం. నాకు కోపం వచ్చేది అక్కడే.

సాయంత్రం పెరట్లో మావాడు బంతి అందిస్తూనే ఉన్నాడు, నేను పట్టుకుంటూనే ఉన్నాను. చీకటి పడి బంతి కనపడకపోయాక గానీ లోపలికి రాలేదు.