పై ఫ్లాట్ చప్పుళ్ళు, హౌసింగ్ అసోసియేషన్ ఫైళ్ళు: నా అనుభవం

ఇంగ్లండ్‌లో షేర్డ్ ఓనర్‌షిప్ ఫ్లాట్ కొనుక్కుంటున్న తెలుగువాళ్ళు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. మేమూ రెడింగ్‌లో అలాగే కొన్నాం. కొంత వాటా మాది, మిగతా వాటాకి నెలనెలా హౌసింగ్ అసోసియేషన్‌కి (లాభాపేక్ష లేకుండా ఇళ్ళు అద్దెకిచ్చే సంస్థ) అద్దె కడతాం. మా బ్లాకులో కింది అంతస్తుల్లో మాలాంటివాళ్ళు, పై అంతస్తుల్లో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) జాబితా నుంచి వచ్చిన అద్దెదారులు. అందరికీ యజమాని ఆ అసోసియేషనే. ఆ సంగతి ఎంత ముఖ్యమో పైనుంచి చప్పుళ్ళు మొదలయ్యాక అర్థమైంది.

మా పై ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. రాత్రి రెండు గంటలప్పుడు మంచం, బల్ల ఈడ్చిన చప్పుడు. తలుపు ధడేల్మని పడటం. ఎవరితోనో గట్టిగా తగువాడుతున్నట్టు కేకలు, అవతలి గొంతు మాత్రం వినపడదు. నేను నర్సుని, షిఫ్టు డ్యూటీలు. ఇంట్లో నెలల పాప. అప్పటికి గుంటూరు నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు, "పైకెళ్ళి ఒక మాట చెప్పి రారాదూ, వాళ్ళూ మనుషులేగా" అన్నారు. మా ఆయన వెళ్ళారు. ఆవిడ తలుపు సగమే తీసి, కింద నుంచి మీరే గోడలు తొలిచి నా మాటలు వింటున్నారు, మీ మీద కంప్లయింట్ ఇచ్చాను అన్నారట. నిజంగానే ఇచ్చారు. ఆ తర్వాత వారం మాకు ఉత్తరం వచ్చింది, మా ఇంట్లోంచి డ్రిల్లింగ్ శబ్దాలు వస్తున్నాయని.

మేమూ రిపోర్టు చేశాం. హౌసింగ్ ఆఫీసర్ డైరీ షీట్లు పంపారు, ఫోన్లో శబ్దం రికార్డు చేసే యాప్ వేసుకోమన్నారు. ఈ యాప్‌లు ఒకసారికి అర నిమిషమే రికార్డు చేస్తాయి. బల్ల ఈడ్చిన చప్పుడు మనం లేచి ఫోను అందుకునేసరికే అయిపోతుంది. అందుకే నేను రాతనే నమ్ముకున్నాను: తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, ఏ గదిలో, దానివల్ల మాకేమైంది. 'పాప లేచింది, తర్వాత గంటన్నర నిద్రపోలేదు', 'ఉదయం ఏడింటి షిఫ్టుకి మూడు గంటల నిద్రతో వెళ్ళాను' లాంటి ముక్కలు. ఆవిడకి ఫలానా జబ్బు ఉండొచ్చని నా ఊహ ఒక్కసారి కూడా రాయలేదు. వార్డులో నోట్సు రాసే అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

కొన్ని వారాలకి కేసు మూసేశాం అని ఈమెయిల్. ఇవి ఇంట్లో మామూలుగా వచ్చే శబ్దాలు, యాంటీ సోషల్ బిహేవియర్ (ఇరుగుపొరుగుని ఇబ్బంది పెట్టే ప్రవర్తన, పొట్టిగా ఏఎస్‌బీ) కిందికి రావు అట. ఇంత వరకేనా అనుకుని చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి యజమానుల మీద ఫిర్యాదులు వినే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ అనే సంస్థ 2022 అక్టోబరులో శబ్దాల ఫిర్యాదుల మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. నడక, వాషింగ్ మెషీన్, తలుపుల చప్పుళ్ళని యాంటీ సోషల్ బిహేవియర్‌గా లెక్కేయడం సరికాదని అందులో ఉన్నమాట నిజమే. కానీ అదే నివేదిక, అలాంటివాటికి వేరే విధానం పెట్టుకోండి, నేల మీద ఏముందో చూడండి, ఇరుగుపొరుగు మధ్య రాజీకి దారి చూపండి అని కూడా అంది. మా అసోసియేషన్ వాళ్ళు మొదటి సగం చదివి ఫైలు మూసినట్టున్నారు.

వాట్సాప్ గ్రూపులో అడిగితే సలహాలకి కొదవలేదు. పోలీసులకి ఫోన్ చెయ్యండి, లాయర్ నోటీసు ఇవ్వండి, ఆవిణ్ణి ఖాళీ చేయించమని పట్టుబట్టండి, ఫ్లాట్ అమ్మేసి పొండి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో అయితే అసోసియేషన్ ప్రెసిడెంటు తలుపు కొట్టేవాళ్ళం, ఏదో ఒకటి తేలేది. ఇక్కడ తలుపు కొట్టే మనిషే లేడు. ఉన్నదల్లా ఫిర్యాదు విధానం.

అదెలా పనిచేస్తుందంటే, పొరుగింటి గురించి మనం చెప్పేది రిపోర్టు. ఆ రిపోర్టుని అసోసియేషన్ సరిగా పట్టించుకోలేదని చెప్పేది ఫిర్యాదు, అది వేరే, దానికి గడువులున్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆంబుడ్స్‌మన్ పెట్టిన ఫిర్యాదుల నియమావళికి చట్టబద్ధత వచ్చింది. ఫిర్యాదు అందిందని 5 పనిదినాల్లో చెప్పాలి, అక్కణ్ణుంచి 10 పనిదినాల్లో మొదటి దశ జవాబు. తృప్తి లేకపోతే రెండో దశ, దానికి 20 పనిదినాలు. అదీ తేలకపోతే నేరుగా ఆంబుడ్స్‌మన్‌కే, మధ్యలో ఎంపీ సిఫార్సు అక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: పక్కింటివాళ్ళు గోల చేశారా లేదా అని ఆంబుడ్స్‌మన్ తీర్పు చెప్పదు. యజమాని తన పని తాను చేశాడా లేదా అన్నదే చూస్తుంది. పైగా ఆ యజమానితో మనకి అద్దె ఒప్పందమో లీజో ఉండాలి. షేర్డ్ ఓనర్లం కాబట్టి మాకు ఆ తలుపు తెరుచుకుంది. అదే బ్లాకులో ఒక లీజుదారు దగ్గర ప్రైవేటుగా అద్దెకున్న తెలుగు కుర్రాడికి అది లేదు.

నా ఫిర్యాదులో 'ఆవిణ్ణి పంపించెయ్యండి' అని రాయలేదు. నాలుగు ప్రశ్నలే అడిగాను. మాకు రిస్క్ అసెస్‌మెంట్ (దీనివల్ల ఎంత హాని జరగొచ్చో అంచనా) చేశారా? ఆవిడకి చేశారా? పైన నేల మీద కార్పెట్ ఉందా? ఆవిడకి సాయం కావాలేమోనని కౌన్సిల్ సోషల్ కేర్ వాళ్ళకి చెప్పారా? నాలుగింటికీ లేదనే జవాబు. తప్పు ఒప్పుకుని, క్షమాపణ రాసి, కొద్దిగా నష్టపరిహారం ఇచ్చి కేసు మళ్ళీ తెరిచారు.

ఈసారి వచ్చిన ఆఫీసర్ అనుభవం ఉన్న మనిషి. మా ఇంట్లో కూర్చుని ముందు మా గురించే అడిగారు: ఎవరికైనా ఆరోగ్య సమస్యలున్నాయా, పాప వయసెంత, భయంగా ఉందా, సాయానికి ఎవరున్నారు. ఇవన్నీ ఎందుకని మా ఆయన విసుక్కున్నారు. ఆ ప్రశ్నల వెనక ఒక విషాదం ఉంది. 2007లో లెస్టర్‌షైర్‌లో ఒక తల్లి, వికలాంగురాలైన కూతురు చనిపోయారు. వీధి కుర్రాళ్ళ వేధింపులు ఏళ్ళ తరబడి సాగాయి, ఆ తల్లి మళ్ళీమళ్ళీ పోలీసులకి చెప్పుకున్నారు, ప్రతి ఫోన్‌నీ విడివిడి చిన్న సంఘటనగా చూశారు. ఆ కేసు తర్వాతే బాధితుల పరిస్థితిని మొత్తంగా కొలవాలనే పద్ధతి ఇక్కడ గట్టిగా పాతుకుంది.

పై ఫ్లాట్ ఆవిడ గురించి అడిగితే మాత్రం ఆ ఆఫీసర్ నోరు మెదపలేదు. వేరే మనిషి ఆరోగ్య వివరాలు నాకు చెప్పకూడదు, నర్సుగా నేనూ అంతే చేస్తాను. చట్టం ఎలా ఉంటుందో మాత్రం పొడిగా చెప్పారు. అద్దెదారు ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందైతే, వివక్షని ఆపే 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం ఖాళీ చేయించడం తగిన చర్యేనని యజమాని కోర్టులో నిరూపించుకోవాలి. అంతకన్నా తక్కువ చర్యలేం ప్రయత్నించారని జడ్జి అడుగుతారు. ఏమీ ప్రయత్నించకుండా వెళ్తే కేసు నిలవదు. అంటే ఆవిడకి సాయం అందించడమే మా సమస్యకి దగ్గరి దారి కూడా. నాకది సబబుగానే తోచింది. మా ఆయనకి మాత్రం చాలా రోజులు మింగుడుపడలేదు, నిద్ర లేనివాడికి న్యాయసూత్రం చెప్తే ఎలా అని.

ఇంతలో కౌన్సిల్‌కి ఏఎస్‌బీ కేస్ రివ్యూ కోసం కూడా దరఖాస్తు పెట్టాను. 2014 చట్టంతో వచ్చిన హక్కు ఇది, మొదట్లో కమ్యూనిటీ ట్రిగ్గర్ అనేవారు. ఆరు నెలల్లో మూడుసార్లు రిపోర్టు చేసి ఉంటే అడగొచ్చు. కౌన్సిల్, పోలీసులు, హౌసింగ్ అసోసియేషన్, ఆరోగ్యశాఖ వాళ్ళు కలిసి కూర్చుని ఎవరేం చేశారో చూసుకోవాలి. నా లెక్కలో అసలు కదలిక అక్కడే వచ్చింది. అప్పటిదాకా అసోసియేషన్‌కి ఆవిడ ఒక అద్దెదారు, పోలీసులకి ఒక కాల్ నంబరు, జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకి) అపాయింట్‌మెంట్‌కి రాని పేషెంటు అయి ఉంటారని నా అనుమానం. సోషల్ కేర్ సాయానికి సంబంధించిన కేర్ యాక్ట్ కింద ఆవిడ అవసరాలు అంచనా వేయమని అడుగుతామని నాకు పంపిన ఉత్తరంలో ఒక లైను ఉంది, అంతే. మిగతాది నాకు చెప్పాల్సిన పనీ లేదు.

తర్వాత కనిపించిన మార్పులు చిన్నవి. పైన లామినేట్ నేల మీద దళసరి అండర్‌లేతో (కార్పెట్ కింద వేసే మెత్తటి పొర) కార్పెట్ పడింది. తలుపు ధడేల్మనడానికి కారణం ఆవిడ కాదు, ఫైర్ డోర్ క్లోజర్ (తలుపు దానంతటదే మెల్లగా మూసుకునేలా చేసే పరికరం) బిగుతు పోయింది. దాన్ని బాగుచేయాల్సింది అసోసియేషనే, అన్నాళ్ళూ ఎవరూ చూడలేదు! ఒక సపోర్ట్ వర్కర్ వారంలో కొన్ని పూటలు వస్తున్నారు. రాత్రి కేకలు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. మా మీద డ్రిల్లింగ్ కంప్లయింట్లు మళ్ళీ రాలేదు.

ఫ్లాట్ అమ్మేద్దామా అని మా ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు అంటుంటారు. అమ్మితే ఇంటి వివరాలు రాసి కొనేవాళ్ళకిచ్చే టీఏ6 ఫారంలో పొరుగువాళ్ళతో తగాదాలు, ఫిర్యాదులు ఏమైనా ఉన్నాయా అనే ప్రశ్న ఉంటుంది, దాచకుండా రాయాలి. ఫిర్యాదులు, జవాబులు, రివ్యూ ఉత్తరం, కార్పెట్ వేసిన తేదీ అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. అవసరమైతే సాలిసిటర్‌కి అదే ఇస్తాం.