అమ్మమ్మ వంటింట్లో పిల్లల సొరుగు: హైదరాబాద్ ఫ్లాట్‌కి కబోర్డులు ఎంచుకునేవాళ్ల కోసం

అమెరికా నుంచి వెనక్కి వస్తున్నవాళ్లయినా, వేసవి సెలవుల్లో పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచేవాళ్లయినా హైదరాబాద్ ఫ్లాట్‌లో వంటిల్లు మార్చాలనుకుంటే ముందు షట్టర్ (అలమర తలుపు) రంగు చూస్తారు, ఆ తర్వాత ధర. ఆ రెండింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, పిల్లలకి కావలసినవి ఎంత ఎత్తులో ఉండాలన్నది. అక్కడ కంచం, గ్లాసు, సీరియల్ డబ్బా తామే తీసుకునే పిల్లలు, ఇక్కడ అన్నీ గోడ అలమరల్లోకి ఎక్కితే గుమ్మం దగ్గరే నిలబడి "అమ్మమ్మా, నీళ్లు" అంటారు. ఆవిడ ప్రేమగా అన్నీ చేతికి అందిస్తుంది. వంటింట్లోకి రావలసిన అవసరమే లేకపోతే, అక్కడ గంటలకొద్దీ వినిపించే తెలుగు కూడా పిల్లల చెవిన పడదు.

కాబట్టి గట్టు కింద తలుపుల అలమరలు తగ్గించి సొరుగులు పెట్టించండి. గట్టు ఎత్తు 34 అంగుళాలు అనుకుంటే గ్రానైట్‌కి ముప్పావు అంగుళం, కింద అలమర కాళ్లకి 4 అంగుళాలు పోను దాదాపు 29 అంగుళాలు మిగులుతుంది. దాన్ని పైనుంచి 6, 9, 14గా విడగొట్టించండి. మధ్య సొరుగు నేల నుంచి 18–27 అంగుళాల మధ్య వస్తుంది. ఆరేళ్ల పిల్లకి వంగకుండా, మునివేళ్ల మీద లేవకుండా అందే ఎత్తు అదే. స్టీలు కంచాలు, గ్లాసులు అందులో పెట్టండి. పై సొరుగులో గరిటెలు, చెంచాలు. కత్తులు, సింక్ కింద పెట్టే క్లీనింగ్ సీసాలు మాత్రం పైన గోడ అలమరలోకే పోవాలి. ఈ సొరుగుల వరస స్టవ్‌కి కనీసం మూడడుగుల దూరంలో, డైనింగ్ వైపు చివర ఉండాలి. పిల్ల సొరుగు లాగే క్షణంలోనే ఎవరో వేడి సాంబారు గిన్నె దించుతుంటారు.

అడుగు సొరుగు బియ్యానికి. 26 కిలోల బస్తా పోయాలంటే దాదాపు 33 లీటర్ల డబ్బా కావాలి. డబ్బా బరువూ కలిపితే 30 కిలోలు దాటుతుంది. సొరుగు జారే పట్టాలు, అంటే మామూలు టెలిస్కోపిక్ ఛానల్, ఆ బరువుకి కొన్నాళ్లలోనే కుంగి, సొరుగు ముందుకు వాలుతుంది. 45 కిలోలు, అంతకు పైన మోసే, మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ ఛానల్ అడగండి. అడుగున 6 మి.మీ. ప్లై వేస్తే బొజ్జలా దిగుతుంది, 12 మి.మీ. వేయించండి. సాఫ్ట్ క్లోజ్ ఇక్కడ విలాసం కాదు, చిన్న వేళ్లు నలగకుండా కాపాడేది అదే.

లోతు సొరుగులో కనిపించేవి డబ్బాల మూతలే. కాబట్టి పేర్లు మూతల మీద, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. కందిపప్పు, శనగపప్పు చూడగానే ఒకేలా ఉంటాయి. పిల్ల చదివి తీస్తే తప్ప తేల్చుకోలేదు. అమ్మమ్మ "కందిపప్పు రెండు గుప్పెళ్లు తేమ్మా" అన్నప్పుడు ఆ అక్షరాలకి పని పడుతుంది. వారాంతపు తెలుగు క్లాసు కన్నా ఈ సొరుగు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

వీలైతే ఈ సొరుగుల పక్కనే 26 అంగుళాల ఎత్తులో బయటికి లాగే పలక ఒకటి పెట్టించండి. లాక్ ఉన్న ఛానల్ తప్పనిసరి, లేకపోతే పిల్ల ఆనుకోగానే పలక లోపలికి జారిపోతుంది. గోరుచిక్కుడు తుంచడానికి, పూరీలు ఒత్తడానికి అది చాలు. అమ్మమ్మ గుడ్డు ముట్టుకోని ఇంట్లో పిల్లల ఆమ్లెట్ పెనానికి, ప్లేట్లకి చివర ఒక సొరుగు విడిగా కేటాయిస్తే రెండు పక్షాలకీ ఇబ్బంది ఉండదు.

ఇక చెక్క. పెట్టెలకి 18 మి.మీ. ప్లైవుడ్, సింక్ కింద మాత్రం తప్పకుండా ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్) రకం. సింక్ పైపు నుంచి చుక్క చుక్కగా కారే నీళ్లు ముందు నానబెట్టేది అక్కడి అడుగు పలకనే. పార్టికల్ బోర్డ్ అయితే ఉబ్బి పొడి రాలుతుంది, మళ్లీ బాగుచేయలేం. షీటు మీద ఐఎస్ నంబరు, ఐఎస్ఐ ముద్ర ఉంటాయి. పైపొరగా లామినేట్ అంటించాక అవి కనపడవు కాబట్టి కోతకి ముందే వీడియో కాల్‌లో చూపించమనండి. అనుమానం ఉంటే రెండంగుళాల ముక్కని నాలుగైదు గంటలు నీళ్లలో మరగబెట్టించండి. నాసిరకం ప్లై అయితే పొరలు విడిపోతాయి. ఐఎస్ 710లో వాడే ఫినాల్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ (కళ్లు, ముక్కు మండించే వాయువు) కూడా తక్కువే వస్తుంది. అమెరికాలో 2019 నుంచి బోర్డుల మీద ఈ వాయువు పరిమితికి సంబంధించిన టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్ ముద్ర తప్పనిసరి. ఇక్కడ ఆ వాయువు తక్కువ వదిలే ఈ1 లేదా ఈ0 రకం అని బిల్లులో రాయించుకోండి. కోసిన అంచులన్నిటికీ, వెనక వైపు కూడా, అంచుని మూసే పట్టీ, అంటే ఎడ్జ్ బ్యాండ్, వేయించండి. అంచు తెరిచి ఉంటే తడి అక్కడినుంచే లోపలికి పోతుంది.

షట్టర్లకి మ్యాట్ లామినేట్ చాలు. రోజూ పోపు పెట్టే వంటింట్లో స్టవ్ పక్కన మెంబ్రేన్ షట్టర్ల ప్లాస్టిక్ పొర వేడికి లేస్తుంది.

గట్టు ఎత్తు మీదే ఇంట్లో వాదన వస్తుంది. అమెరికా కొలత 36 అంగుళాలు ఐదడుగుల అమ్మమ్మకి భుజాలు నొప్పి పుట్టిస్తుంది, ఆవిడకి 32–33 హాయి. కానీ విడిగా నిలబడే డిష్‌వాషర్లు సాధారణంగా 85 సెం.మీ. ఎత్తుంటాయి, అంటే గ్రానైట్ అడుగుకే 34 అంగుళాలు కావాలి. రోజూ వంట చేసేదెవరో వాళ్ల ఎత్తుకే గట్టు కట్టించి, డిష్‌వాషర్‌ని యుటిలిటీ బాల్కనీలో పెట్టండి.

కొలతలు టైల్స్ అయ్యాకే తీయాలి. ముందే తీస్తే టైల్, దాని కింద సిమెంటు మందం వల్ల పెట్టె ఇరుక్కుంటుంది. గోడకీ నేలకీ మధ్య మూలల్లో చెదల మందు కూడా అప్పుడే, పెట్టెలు బిగించకముందే కొట్టించండి. చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు బియ్యం సొరుగు నిండా పోసి పూర్తిగా లాగి చూడండి. పని ముగిశాక కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి కాబట్టి, పిల్లలు దిగే తేదీకి మూడు వారాల ముందే వడ్రంగి పని పూర్తయ్యేలా ఒప్పందం రాసుకోండి.