నా అనుభవం: పెట్టె దిగింది, చక్రాలు దిగలేదు

ప్రయాణం ముగిసి రెండు రోజులైంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

అమ్మా నేనూ చవక విమానంలో వెళ్లాం. టికెట్ కొనడం తేలికే. మొదటి పేజీలో ధర చూసి మా తమ్ముడితో "బస్సు కంటే చవకరా" అని గొప్పలు కూడా పోయాను. ఆ తర్వాత సీటుకి వేరే, బ్యాగుకి వేరే, ముందు ఎక్కడానికి వేరే. డబ్బు కట్టేటప్పుడు 'కన్వీనియెన్స్ ఫీజు' అని ఇంకోటి. ఎవరి కన్వీనియెన్సో! "కావాలి" అన్నది పెద్ద రంగు బటన్, "వద్దు" అన్నది కింద ఎక్కడో కనీకనిపించని బూడిద రంగు అక్షరాలు. నేను పట్టుదలగా వద్దు, వద్దు అనుకుంటూ చివరిదాకా వెళ్లాను. సీట్లకి కట్టనందుకు అమ్మకి 4వ వరస, నాకు 27వ వరస ఇచ్చారు. పోనీలే అనుకున్నాను. చెక్-ఇన్ ఫోన్లోనే చేసుకున్నాను. సెక్యూరిటీ పది నిమిషాల్లో అయిపోయింది.

అసలు కథ గేటు దగ్గర.

నా చక్రాల పెట్టె కొన్నప్పుడు దాని మీద 'క్యాబిన్ సైజ్' అని చీటీ ఉంది. 55, 40, 20 సెంటీమీటర్లు. విమాన కంపెనీ వాళ్లు రాసిన కొలతా అదే. ధైర్యంగా లైన్లో నిలబడ్డాను. ఒకమ్మాయి వచ్చి "సర్, ఒకసారి ఇందులో పెట్టండి" అని ఇనుప చట్రం చూపించింది. పెట్టాను. పెట్టె దిగింది, చక్రాలు దిగలేదు. రెండు వేళ్ల మందం పైకి ఉండిపోయింది. చేత్తో నొక్కాను. మోకాలు పెట్టి నొక్కాను. కిర్రుమంది కానీ కదల్లేదు.

"చక్రాలు, హ్యాండిల్ కలిపే కొలత సర్."

ఆ చీటీ అతికించినవాడు చక్రాలు వదిలేసి కొలిచాడన్నమాట! వాడు దొరికితే ఆ చట్రంలో వాణ్ణే కుక్కాలి.

అక్కడితో అయిపోలేదు. తూకం కూడా వేశారు. 7 కిలోలు ఉండాలి, 8.6 చూపించింది. అందరి ముందూ నేల మీద పెట్టె విప్పాను. లోదుస్తులు, అమ్మ మందుల డబ్బా, మాసిన తువ్వాలు అన్నీ బయటపడ్డాయి. చొక్కా మీద ఇంకో చొక్కా, దాని మీద స్వెటర్ తొడుక్కున్నాను. ఛార్జర్లు జేబుల్లో కుక్కాను. వెనక ఒకాయన ఫోన్ తీశాడు, వీడియో తీశాడో లేదో నాకిప్పటికీ అనుమానమే. మళ్లీ తూచారు, 6.9. ఆ కిలోన్నర పైచిలుకు నా ఒంటి మీదే ఉంది. విమానం మోసేది అదే బరువు కదా! కానీ రూలు గెలిచింది.

చక్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. "అవి విప్పేస్తే పోదట్రా?" అంది అమ్మ, నిజంగానే. స్క్రూడ్రైవర్ ఉంటే విప్పేవాణ్ణేమో.

చివరికి పెట్టెకి డబ్బు కట్టాను. ముందే ఆన్‌లైన్లో కట్టి ఉంటే అయ్యేదానికి రెట్టింపు, నా టికెట్ ధర కంటే ఎక్కువ. తలుపు ముందు నిలబెట్టి అడిగితే ఎవడు కాదంటాడు?

ఆ అమ్మాయిని అనను. ఈ విమానాలు దిగిన అరగంటలోపే మళ్లీ ఎగరాలి, అందరూ పెద్ద పెట్టెలు తెస్తే పైన సర్దడానికే ఆలస్యమవుతుంది. అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ నేనెక్కింది వాళ్లది కాదుగానీ, యూరప్‌లో ర్యాన్‌ఎయిర్ అనే చవక విమాన కంపెనీలో పెద్ద బ్యాగు పట్టుకున్న సిబ్బందికి బ్యాగుకి ఇంతని బోనస్ ఉంది. 2025లో దాన్ని ఒకటిన్నర యూరో నుంచి రెండున్నరకి పెంచారు కూడా. ఇక కొలత ఎంత శ్రద్ధగా తీస్తారో మీరే ఊహించుకోండి. చేతిసంచులకి డబ్బు గుంజడం లాంటి పద్ధతుల మీద 2024లో స్పెయిన్ ప్రభుత్వం 5 విమాన కంపెనీలకి కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. అవి కోర్టుకెళ్లాయి. వాళ్లకి కోర్టు ఉంది, నాకు ఇనుప చట్రం ఉంది.

లోపలికెళ్లి చూస్తే నా వరస మీద పై అర సగం ఖాళీ. నా పెట్టె మాత్రం కింద లగేజీలో. దిగాక బెల్టు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాం, స్వెటర్ విప్పడం కూడా మర్చిపోయాను.

వెళ్లేవాళ్లు పెట్టెని టేపుతో చక్రాల దగ్గర్నుంచి కొలవండి, చీటీని నమ్మకండి. అనుమానంగా ఉంటే ఇంట్లోనే కట్టేయండి. గేటు దగ్గర బతిమాలడం దండగ, నేను బతిమాలాను. అన్నిటికంటే మంచిది చక్రాల్లేని మెత్తటి సంచి, నొక్కితే నొక్కినట్టు దిగుతుంది. నిన్నే ఒకటి కొన్నాను. మొత్తం ఖర్చెంతయిందని తమ్ముడు రెండుసార్లు అడిగాడు, ఇంకా చెప్పలేదు.