లాక్‌క్రూ కొండ: ఎత్తు తక్కువ, జారుడెక్కువ

ఐర్లండ్‌లోని మీద్ కౌంటీ మొత్తానికీ ఎత్తైన చోటు ఇదే, 276 మీటర్లు. హైదరాబాద్ నేలమట్టమే 500 మీటర్లు దాటుతుంది కాబట్టి డబ్లిన్‌లో ఉండే మనవాళ్ళు ఈ అంకె విని నవ్వేసి, అరిగిపోయిన స్నీకర్లతో బయల్దేరతారు. ఇక్కడ ఇబ్బంది ఎక్కడంలో లేదు, తడిగడ్డిలో ఉంది.

డబ్లిన్ నుంచి కారులో సుమారు గంటన్నర ప్రయాణం. ఓల్డ్‌కాజిల్ ఊరికి దగ్గర్లో, సన్నటి రోడ్డు పక్కన చిన్న పార్కింగ్ ఉంది. అది నిండిపోయినా సరే, పొలం గేటుకు అడ్డంగా కారు పెట్టకండి. ట్రాక్టరు ఎప్పుడైనా రావచ్చు. లాక్‌క్రూలో సమాధి గుట్టలున్న కొండలు ఒకటికి మించి ఉన్నాయి. మేం ఎక్కింది తూర్పు కొండ, కార్న్‌బేన్ ఈస్ట్. పడమటిది ప్రైవేటు భూమి, రైతును అడగకుండా కంచె దాటకూడదు. ఈ దేశంలో పొలాల్లోంచి నడిచే హక్కు చాలా తక్కువ, చాలా దారులు రైతుల మంచితనం మీదే సాగుతున్నాయి.

గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. ఎక్కి దాటక తప్పకపోతే బందులున్న వైపే ఎక్కాలి. గొళ్ళెం వైపు ఎక్కితే మన బరువుకు గేటు వాలిపోయి, తర్వాత గొళ్ళెం పడదు. కుక్కను ఇంట్లోనే వదిలి రండి. చూలు గొర్రె బెదిరి పరుగెడితే కడుపులో పిల్ల పోవచ్చు.

శిఖరం దాకా పదిహేను, ఇరవై నిమిషాల ఎక్కుడు. పైన కెయిర్న్ టి ఉంటుంది. సుమారు 35 మీటర్ల అడ్డుకొలత ఉన్న రాళ్ళగుట్ట, 5000 ఏళ్ళనాటి సమాధి. దాని చుట్టూ నిలిపిన అంచురాళ్ళలో ఉత్తరం వైపుది 'ముసలమ్మ కుర్చీ'. దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న బండ, నడుమ కూర్చునేంత పల్లం, అందులో చెక్కిన శిలువ. మంత్రగత్తె ముసలమ్మ కొండ నుంచి కొండకు దూకుతుంటే ఒడిలోంచి జారిన రాళ్ళే ఈ గుట్టలని కథ. కొండ అసలు పేరు స్లీవ్ నా కాలియా, అంటే ముసలమ్మ కొండ.

మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుల్లో, ఉదయపు ఎండ సన్నటి దారిగుండా లోపలికి వెళ్ళి, వెనకరాతి మీది పువ్వుల్లాంటి చెక్కడాలపై పడుతుంది. 1980లో పరిశోధకుడు మార్టిన్ బ్రెన్నన్ బృందం దీన్ని గమనించింది. ప్రవేశానికి ఇనుప గేటుంది. కడ్డీల సందులోంచి టార్చి వేస్తే దగ్గరి రాళ్ళ గీతలు కనిపిస్తాయి. కాంతిని పక్కవాటుగా వేయాలి, ఎదురుగా వేస్తే నీడ పడక గీతలు మాయమవుతాయి. గుట్ట పైకి మాత్రం ఎక్కకండి, రాళ్ళు కదులుతాయి.

ఉత్తరాన పక్క కౌంటీ కేవన్ వైపు హిమనదాలు వదిలివెళ్ళిన గుట్టలు, బోర్లించిన ఇడ్లీ ప్లేటులా.

శిఖరం మీద చలి కింద కన్నా రెండు డిగ్రీలు కూడా ఎక్కువుండదు, ఒణికించేది గాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. లోతైన గాడులున్న బూట్లు కావాలి. గొర్రెలు పొట్టిగా మేసిన గడ్డి కింద మన్ను నీళ్ళు పీల్చుకుని ఉంటుంది, దిగుతూ మడమ మోపితే కాలు ముందుకు జారిపోతుంది. నేరుగా దిగకుండా వంకర్లు తిరుగుతూ, మోకాళ్ళు కాస్త వంచి, చిన్న చిన్న అడుగులు వేశాం. పడమటి కొండ మబ్బులో కనపడకుండా పోయిందంటే వాన దగ్గర్లోనే ఉన్నట్టు. రెయిన్ జాకెట్ అప్పుడే తొడుక్కోవాలి, తడిశాక కాదు.