మైసూరు పప్పు

కెనడాలో కనీసం ఐదుగురు కలిసి, ఏడాది పాటు ఇంటి అద్దె, తిండి ఖర్చులు భరిస్తామని పూచీ పడితే ఒక శరణార్థి కుటుంబాన్ని రప్పించుకునే వీలుండేది. 1979లో వియత్నాం నుంచి పడవల్లో పారిపోయిన వారి రాకతో ఊపందుకున్న ఈ పద్ధతిలోనే 2016లో మా వీధివాళ్ళం ఒక సిరియా కుటుంబాన్ని ఆహ్వానించాం. వంటింటి అలమర నిండా పాస్తా డబ్బాలు సర్ది మురిసిపోయాం కానీ (వారేం తింటారో కనుక్కోవాలని ఒక్కరికీ తోచలేదు), వారం తర్వాత చూస్తే ఒక్క మూత కూడా తెరవలేదు. మర్నాడు మా ఇంటి నుంచి మైసూరు పప్పు, జీలకర్ర పట్టుకెళ్ళాను. ఆ ఇంటావిడ పప్పును దోసిట్లో పోసుకొని, నవ్వుతూ భర్తను పిలిచారు. ఆ సాయంత్రం నిమ్మకాయ పిండిన పప్పు సూపును, నేను వద్దంటున్నా వినకుండా, నా గిన్నెలో రెండోసారి కూడా నింపారు.